బెల్లం తొట్టిలో హౌసింగ్

మా కారు కింద నేల మీద నూనె మరకను ముందు చూసింది నా భార్య. పొద్దున వాకిట్లో ముగ్గు వేసే మనిషికి ఎక్కడిదాకా వేయాలో చెబుతూ చేతికర్ర ఊతంతో నిలబడి ఉందట. వెనక చక్రాల మధ్య నల్లగా అరచేయంత మరక. నేను లోపల పేపరు చదువుతున్నాను. ముప్పై ఏళ్లు పత్రికలో పనిచేసినవాణ్ని కనుక పొద్దున్నే అచ్చుతప్పులు వెతికే అలవాటు ఇంకా పోలేదు. ఆమె వచ్చి నా ఎదుట నిలబడి, "కారుకేదో అయింది. మంగళవారానికి బాగవుతాదా?" అని అడిగింది. ఏమైందని కాదు, మంగళవారానికి బాగవుతుందా అని.

మంగళవారం సంగతి చెప్పాలి. ఎస్. రాయవరంలో మా వదినగారు ఉంటారు. నా భార్యకు స్వయానా అక్క, మా ఆవిడ ఆమెను అప్ప అంటుంది. కొడుకూ కోడలూ మనవలూ చెరకూ వరీ ఉన్న నిండు ఇల్లు. ఏడెనిమిదేళ్లుగా ఆమెకు వినికిడి తగ్గుతూ వచ్చి ఇప్పుడు దాదాపు పూర్తిగా పోయింది. చెవి మిషను పెట్టిస్తే తలలో గానుగ తిరుగుతున్నట్టుందని తీసి డబ్బాలో పడేసింది. చదువుకోలేదు, కాబట్టి రాసి చూపించే దారి లేదు. మిగిలింది ఎదురుగా కూర్చుని పెదవులు కనిపించేలా మాట్లాడడమే. ఇంట్లోవాళ్లు రెండు ముక్కలు గట్టిగా చెప్పి పనుల్లోకి వెళ్లిపోతారు, వాళ్లను అనడానికి లేదు. నా భార్య పెదవులు మాత్రం ఆమెకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఫోనులో వీడియో పెట్టి చూశాం. బొమ్మ ఆగి ఆగి వస్తుంటే సగం మాట పెదవుల మీదే నిలిచిపోయేది. రెండోసారికి అప్ప ఫోను మంచం మీద బోర్లించేసింది. అందుకని ప్రతి మంగళవారం మేం వెళతాం. మధ్యాహ్నం భోజనం అయ్యాక వాళ్లిద్దరూ మంచం మీద ఎదురెదురుగా కూర్చుంటారు. వారంలో అప్ప పూర్తిగా మాట్లాడేది ఆ మూడు గంటలే.

వేరే బండిలో వెళ్లొచ్చు కదా అని చాలామంది అన్నారు. రెండేళ్ల కిందట నా భార్యకు తుంటి కీలు మార్చారు. మోకాలి కన్నా తుంటి కిందికి దిగే సీట్లో కూర్చోవద్దని డాక్టరు చెప్పారు. ఇప్పటి చిన్న కార్లు ఎక్కడమంటే గుంటలోకి దిగడమే. పెద్దవైతే మెట్టెక్కాలి. మా పాత అంబాసిడర్ సీటు కుర్చీ ఎత్తున ఉంటుంది. ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పుకుంటే సరిపోతుంది.

ఆ కారు మా బావది. నా భార్యకు అన్న, అప్పకు తమ్ముడు. తుమ్మపాల పక్క పల్లెలో చెరకు పండించి, తనే పెనం దగ్గర నిలబడి బెల్లం వండి, ఆ తర్వాత అనకాపల్లి మార్కెట్టులో కొట్టు పెట్టుకున్న మనిషి. నేను పత్రిక నుంచి బయటికొచ్చిన ఏడు, తనకు కళ్లు సరిగా ఆనడం లేదని తోలడం మానేసి కారు నాకిచ్చాడు. తాళంచెవి చేతిలో పెడుతూ, డిక్కీ మాత్రం ఎప్పటికీ తనదేనన్నాడు. నాలుగు సంచులు వేసుకోవాల్సి వస్తే ఇప్పటికీ ఫోను చేస్తాడు.

మరక కనిపించిన రోజునే కారును మెకానిక్ మేస్త్రి షెడ్డుకు తీసుకెళ్లాను. రింగురోడ్డు పక్కన రేకుల షెడ్డు. ఆయనకు అరవై దాటాయి. పాత కార్లు తప్ప ముట్టుకోడు, కంప్యూటరు పెట్టి చూసే బండ్లంటే జబ్బుమనిషిని ఫోటో చూసి వైద్యం చేసినట్టంటాడు. కారు పైకెత్తి, కింద పడుకుని, చిన్న సుత్తితో అక్కడక్కడా కొట్టాడు. వెనక చక్రాలు రెండింటినీ కలుపుతూ, మధ్యలో కుండలా ఉబ్బి ఉండే ఇనుప గొట్టం ఒకటి ఉంటుంది. దాన్ని వాళ్లు హౌసింగ్ అంటారు. చక్రాలను తిప్పే పళ్లచక్రాలూ రాడ్లూ నూనెలో మునిగి దాని లోపల ఉంటాయి. కారు వెనక బరువంతా దాని మీదే. సుత్తి దెబ్బకు గొట్టం ఒకచోట గంటలా మోగింది, కుండ అడుగున మాత్రం తడి అట్టను కొట్టినట్టు చప్పుడు వచ్చింది. అక్కడ స్క్రూడ్రైవరుతో నొక్కితే మొన లోపలికి దిగిపోయింది.

మేస్త్రి బయటికి జరిగి, గోటితో గీసిన నల్లటి పెచ్చు ఒకటి నా ముక్కు దగ్గర పెట్టాడు. మట్టి, నూనె, వాటి మధ్య పులిసిన బెల్లం వాసన.

"మీ బావగారి యాపారమంతా ఇక్కడే ఉంది బాబూ," అన్నాడు.

ఇరవై ఏళ్లపాటు బావ వానాకాలంలో కూడా పల్లెల నుంచి బెల్లం దిమ్మలు డిక్కీలో వేసుకొచ్చేవాడు. వాన చెమ్మకు బెల్లం కరిగి, డిక్కీ అడుగు నుంచి బొట్టు బొట్టుగా హౌసింగ్ మీదికి దిగింది. దానికి దారిలో బురద పట్టుకుంది. బురద ఎండినా బెల్లం గాలిలో చెమ్మ లాగుతూనే ఉంటుంది. అలా తుప్పు నెమ్మదిగా తింటూ వచ్చింది.

విశాఖలో పాత సామాను దొరికే వీధికి మేస్త్రి మనిషిని పంపించాడు. అక్కడ దొరికిన రెండు హౌసింగుల్లో ఒకటి వంగిపోయింది, రెండోది మాదాని కన్నా అన్యాయం. ఉన్నదాన్నే బాగుచేయాలి. గీకుడు మిషను పెడితే తుప్పుతో పాటు మంచి ఇనుమూ పోతుంది, యాసిడ్ వాడినా అంతే. అప్పుడాయన తన గురువు దగ్గర చూసిన పద్ధతి చెప్పాడు. పాడైన బెల్లాన్ని నీళ్లలో కరిగించి, అందులో ముంచి పది పన్నెండు రోజులు ఉంచాలి. నీళ్లు పులుస్తాయి. ఆ పులుపు తుప్పును మాత్రమే తింటుంది, ఇనుము జోలికి పోదు. బెల్లం చేసిన పాడు బెల్లంతోనే తీయించొచ్చని ఆయన నవ్వాడు.

నేను ఇంటికి వచ్చి, ఈ మంగళవారం కాదు, వచ్చే మంగళవారమూ అనుమానమేనని చెప్పాను. అప్పకు ఆ సంగతి ఎవరు చెబుతారని నా భార్య అడిగింది. ఫోనులో వాళ్లబ్బాయికి చెప్పాను. చెబుతానన్నాడు. ఎలా చెప్పాడో, ఆమెకు ఎంత అర్థమైందో తెలియలేదు.

బెల్లం మాత్రం బావ పంపించాడు. ఉబ్బిపోయి నల్లబడ్డ పాత సరుకు, రెండు బస్తాలు. పాత ప్లాస్టిక్ నీళ్ల ట్యాంకును నిలువుగా కోసి, ఒక సగాన్ని షెడ్డు వెనక తొట్టిలా పెట్టారు. హౌసింగ్‌ను ఊడదీసి, లోపలి సామానంతా తీసి, డీజిలుతో కడిగి అందులో దించారు. నాకొక భయం పట్టుకుంది. సారా కాచేవాళ్లు పెట్టే బెల్లం ఊట కూడా అచ్చం ఇలాగే ఉంటుంది. ఊట ధ్వంసం చేశారన్న వార్త నా చేత్తో ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఆ వార్తలో నా పేరు రావడం ఇష్టం లేక, ముందే స్టేషనుకు వెళ్లి చెప్పి వచ్చాను. సాయంత్రం హెడ్ కానిస్టేబుల్ వచ్చాడు. తొట్టిలోకి వంగి చూశాడు. మునిగి ఉన్న ఇనుప కుండను లాఠీతో ఒకసారి తట్టి, కారుకు మత్తెక్కితే స్టీరింగు ఎవరు పట్టుకుంటారని నన్నడిగి వెళ్లిపోయాడు.

మేస్త్రి బంధువుల పెళ్లికని నాలుగు రోజులు ఊరు వెళ్లాడు. తొట్టిని చూస్తూ ఉండమని నాకు చెప్పాడు. నేను పొద్దున ఒకసారి వెళ్లి మూత తీసి చూసేవాణ్ని. బావ మార్కెట్టు నుంచి ఇంటికి పోతూ రోజూ ఆగేవాడట. తన బెల్లం వల్లే ఇదంతా జరిగిందని ఆయన మనసులో ఉందని నాకు తర్వాత అర్థమైంది.

మధ్యలో ఒక మంగళవారం నా భార్య ఉండబట్టలేక అద్దెకారు పిలిపించమంది. సీటు మీద రెండు దిళ్లు వేసి కూర్చోబెట్టాను. కశింకోట దాటకముందే ఆమె చేయి తలుపు పిడిని బిగించి పట్టుకోవడం చూశాను. వెనక్కి తిప్పమని నేనే చెప్పాను. రెండు రోజులు మంచం మీదే ఉంది. అప్పటికి అప్పను చూసి రెండు వారాలు దాటింది. వాళ్లబ్బాయి ఫోను చేసి, అమ్మ మంగళవారం మధ్యాహ్నం వీధి అరుగు మీద కూర్చుని సాయంత్రం దాకా లోపలికి రాలేదని చెప్పాడు. ఆ మాట నా భార్యకు చెప్పాలా వద్దా అని ఒక పూట ఆలోచించి, చివరికి చెప్పాను.

పదో రోజున హౌసింగ్‌ను పైకి తీశారు. మేస్త్రి, నేను, బావ, ముగ్గురం ఉన్నాం. నల్లటి నీళ్లలోంచి పైకి వచ్చింది చూసి మేస్త్రి దగ్గరికి వంగాడు. తుప్పు ఎక్కడిదక్కడే ఉంది. పైగా దాని మీద పలచగా తెల్లటి పొర. నీళ్లు దోసిట్లో తీసుకుని వాసన చూశాడు. పులుపు లేదు. నాలుక చివర వేసుకుని ఉమ్మేశాడు.

"ఇందులో ఎవురేటి కలిపేరు?" అన్నాడు.

నేను బావ వైపు చూశాను. బావ షెడ్డు కప్పు వైపు చూస్తున్నాడు. చివరికి ఆయనే చెప్పాడు. నాలుగో రోజు తొట్టిలో నురగ పొంగి, పులుపు వాసన ముక్కు పగలగొట్టిందట. పెనం దగ్గర పెరిగిన వాడి చేయి అప్పుడేం చేస్తుందో అదే చేసింది. చెరకురసం పులిస్తే బెల్లం గట్టిపడదు. పులుపు చంపడానికి పెనంలో సున్నపు తేట వేస్తారు. బావ కొట్టు పక్కన సున్నం తెచ్చి, చెంబుడు నీళ్లలో కలిపి తొట్టిలో పోశాడు. మర్నాడు ఇంకా వాసన వస్తుంటే ఈసారి తేట కాదు, చిక్కగానే మళ్లీ పోశాడు.

"పాడైపోతందేమో అనుకున్నాను బావా," అన్నాడు నాతో. డెబ్బై ఏళ్ల మనిషి, బడిలో దొరికిపోయినవాడిలా నిలబడ్డాడు.

"పాడవ్వాలనే పెట్టేం బాబూ," అన్నాడు మేస్త్రి. కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది. హౌసింగ్‌ను గోడకు ఆనించి ఎండలో పెట్టించి, టీ తాగి వస్తానని రోడ్డు దాటి వెళ్లాడు.

బావా నేనూ బల్ల మీద కూర్చున్నాం. ఇంకో పన్నెండు రోజులు, అంటే రెండు మంగళవారాలు పోయినట్టే. ఇంటికి వెళ్లి ఏం చెప్పాలా అని నేను లెక్క వేసుకుంటున్నాను. చెల్లెలికి తనే చెబుతానన్నాడు బావ. వద్దు, నేనే చెబుతానన్నాను. ఎండకు ఆ తెల్లటి పొర ఆరి, హౌసింగ్ మొత్తం వెల్ల వేసిన గోడలా అయింది.

టీ తాగి వచ్చిన మేస్త్రి దాని ముందు నుంచి నడిచి వెళ్లి, నాలుగు అడుగులు వేసి, వెనక్కి వచ్చాడు. గొంతుక్కూర్చున్నాడు. ఎడమవైపు, కారు బరువును మోసే పట్టీలు కూర్చునే చోట, తెలుపు మీద సన్నటి నల్లగీత ఒకటి కనిపిస్తోంది. బొటనవేలితో తుడిచాడు. పోయింది. మేం చూస్తూ ఉండగానే అదే చోట అదే గీత మళ్లీ మెల్లగా తేలింది. పగులు. లోపల ఎన్నాళ్ల నుంచో దాక్కున్న నూనె ఎండ వేడికి బయటికి వచ్చి సున్నాన్ని తడుపుతోంది.

ఆయన నా వైపు తిరిగి అన్నాడు: "ఇది బాగా తేలొచ్చుంటే నాను సూసీవోడ్ని కాదు బాబూ. అడుగున అతుకేసీసి, రంగేసీసి, బిగించీసుందును. మీరు అమ్మగార్ని ఎక్కించుకుని హైవే ఎక్కీసుందురు."

పూర్వం పగుళ్లు ఇలాగే పట్టేవారట. నూనె రాసి, తుడిచి, సుద్ద పూసి చూసేవారు. ఆ పద్ధతి తనకు తెలిసి కూడా ఈసారి చేయాలని తోచలేదని ఆయనే చెప్పుకున్నాడు. అడుగున కన్నం కనబడ్డాక కళ్లన్నీ అక్కడే ఉండిపోయాయన్నాడు.

"వెనక చక్రం ఊడి" అన్న మాట ప్రమాద వార్తల్లో నేను ఎన్నోసార్లు రాసిందే. ఆ గొట్టం విరిగితే ఏమవుతుందో నాకు ఎవరూ వివరించనక్కరలేదు. వార్త రాసేటప్పుడు మూడో వాక్యంలోపు తప్పెవరిదో తేల్చేయాలని మాకు నేర్పారు. ఆ రోజు షెడ్డులో ఆ వాక్యం నాకు కుదరలేదు. తుప్పు బావ బెల్లానిది, ఆలస్యం బావ సున్నానిది, నా భార్య ప్రాణం నిలిచిందీ దాని వల్లే. బావ భుజం మీద చేయి వేశాను.

ఇంటికి వచ్చి అంతా చెప్పాను. నా భార్య అన్నగారిని పిలిపించింది. ఆయన వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు.

"కారు నీకు బెల్లం పెనంలాగ ఉందేటన్నయ్యా?" అంది. తర్వాత లోపలికి వెళ్లి ఆయనకు అన్నం వడ్డించింది. తినేవరకు ఎదురుగా కూర్చుని, మారు వడ్డిస్తూనే ఉంది.

రెండోసారి తొట్టి పెట్టినప్పుడు మేస్త్రి దాని చుట్టూ సుద్దతో గీత గీసి, బావగారు ఇది దాటకూడదన్నాడు. బావ నిజంగానే దాటలేదు. గీత అవతల కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పన్నెండో రోజున హౌసింగ్ బూడిదరంగులో, కొత్త ఇనుములా బయటికి వచ్చింది. పగులు మొదట కనిపించిన దాని కన్నా రెండు వేళ్లు పొడుగుంది. దాని రెండు చివరలా చిన్న బెజ్జాలు వేశారు, ఇంక సాగకుండా. తర్వాత వెల్డింగు. ఒకేచోట వేడి తగిలితే గొట్టం వంగిపోతుంది. అందుకని ఇక్కడ కాస్త, అక్కడ కాస్త, మధ్యలో చల్లారనిచ్చి, ఒక పొద్దంతా చేశాడు. కుండ అడుగున తిన్నచోటంతా కోసేసి కొత్త రేకు అతికాడు. లేతు మిషను మీదికి ఎక్కించి తిప్పించి, వంకర లేదని తేల్చుకున్నాకే రంగు వేయించాడు. లోపలి గాలి బయటికి పోవడానికి పైన ఒక చిన్న రంధ్రం ఉంటుందట, అదీ బెల్లం మట్టితో పూడిపోయి ఉంది. దాన్ని పిన్నీసుతో పొడిచి తీస్తూ, ఇది మాత్రం జ్ఞాపకంగా మీ బావగారికి ఇవ్వండని ఆ పెచ్చు నా చేతిలో పెట్టాడు.

చివర్న ఎక్కడైనా కారుతుందేమో చూడడానికి ఒక రాత్రంతా హౌసింగ్ లోపల కిరసనాయిలు పోసి ఉంచి, కింద పాత పేపర్లు పరిచాడు. పొద్దున్నే నన్ను పిలిచి చూపించాడు. పేపర్లు పొడిగా ఉన్నాయి. ఒక్క అక్షరం తడవలేదు. నా జీవితంలో పత్రికను అంత తృప్తిగా ఎప్పుడూ చూడలేదు.

మేస్త్రికి ఏమని కృతజ్ఞత చెప్పాలో తెలియక, మంగళవారం మాతో భోజనానికి ఎస్. రాయవరం రమ్మన్నాను. పనుందన్నాడు. కానీ ఆ పొద్దున మేం బయల్దేరేటప్పుడు ఇంటికి వచ్చాడు. నా భార్య సీటు మీద కూర్చుని కాళ్లు లోపలికి తిప్పుకునే వరకు నిలబడి చూసి, తలుపు తనే మెల్లగా వేశాడు. వెనక చక్రం మీద అరచేయి ఆనించి కాసేపు ఉంచి తీసేశాడు.

బావ వెనక సీట్లో కూర్చున్నాడు. దారంతా గేరు శబ్దం వింటూ నేను, నేను వింటున్నానో లేదో చూస్తూ ఆయన.

అప్ప అరుగు మీదే ఉంది. కారు చూసి లేచింది గానీ ఎదురు రాలేదు. నా భార్య దిగి దగ్గరికి వెళితే ముఖం పక్కకు తిప్పుకుంది. ఐదు వారాలు. కొడుకు చెప్పింది ఆమెకు సగమే అందింది. కారు పోయిందని అర్థం చేసుకుందట. కారు పోయాక చెల్లెలు ఇంక రాదని తనే తీర్మానించుకుంది. బావ వెళ్లి ఆమె ముందు నిలబడి, రెండు చెవులూ పట్టుకుని గుంజీ తీయబోయాడు. మోకాళ్లు సహకరించక మధ్యలోనే ఆగిపోతే అప్పకు నవ్వొచ్చింది. అసలు సంగతేమీ తెలియకుండానే నవ్వింది.

భోజనాలయ్యాక ఇద్దరూ ఎప్పటిలాగే గదిలో మంచం మీద కూర్చున్నారు. నేనూ బావా అరుగు మీద నడుము వాల్చాం. ఎండ తగ్గింది. మా కారు దీపాలకు వెలుగు తక్కువ, చీకటి పడకముందే హైవే ఎక్కడం మాకు అలవాటు. ఇక బయల్దేరదామని చెప్పడానికి గది గుమ్మం దాకా వెళ్లాను. నా భార్య చేతులు తిప్పుతూ హౌసింగ్ కథ చెబుతోంది. కుండ ఆకారం చూపించింది, గొట్టం చూపించింది, గీత చూపించింది. లోపల వెలుతురు తగ్గిపోయింది. అప్ప ముందుకు వంగి, చెల్లెలి గడ్డం పట్టుకుని ముఖాన్ని కిటికీ వైపు తిప్పింది, మాట కనబడాలని.

నేను గోడ మీద స్విచ్చి నొక్కి లైటు వేసి, అరుగు మీదికి వచ్చేశాను. ఇంకాసేపు ఉండి వెళదామని బావకు చెప్పాను.